బర్రెల వెంట అనంతగిరికి, వీపున మూటతో

చిన్నీ, కొండెక్కడానికి సాక్సులు రెండు జతలు చాలుతాయా అని ఫోనులో అడిగావు. చాలుతాయి. ఒకటి కాళ్లకు, ఒకటి ఆరేసుకోవడానికి. మూడో జత బద్ధకం కోసం మోసే బరువు. బూట్లు మాత్రం ఇవాళే కొనుక్కో. కొని పెట్టెలో దాచకుండా వాటితోనే కూరగాయలకు వెళ్లు, మెట్లెక్కు, ఒకసారి వానలో తడుపు. కొండ కింద మొదటిసారి తొడుక్కున్నావో, ఇక నీ కళ్లు కొండను చూడవు, కాళ్లనే చూస్తాయి.

"చార్మినార్ దాటి ఎక్కడికీ వెళ్లని నానమ్మకు ఇవన్నీ ఎవరు చెప్పారు?" అని వెనక నుంచి నీ తమ్ముడు నవ్వడం వినబడింది. వాడిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదువు. నేను వీపు మీద మూట కట్టుకుని, బర్రెల వెంట, మన గౌలిపుర నుంచి అనంతగిరి కొండ దాకా నడిచాను. అప్పుడు లడాయి, మీరు చదువుకునే రెండో ప్రపంచ యుద్ధం, నడుస్తోంది. నాకు పెళ్లయి ఏడాది తిరగలేదు. నాకు మూట కట్టడం నేర్పినావిడ మల్లమ్మ పెద్దత్త. మా మామకు వదిన, మీ తాతకు పెద్దమ్మ. మీరెవరూ ఆవిడను చూడలేదు. ఆవిడ సంగతి మీకు చెప్పాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. సాక్సులు ఒక వంక.

గౌలిపుర

నా పుట్టిల్లు బేగంబజార్. కింద మా నాయన నెయ్యి దుకాణం, పైన మేము. పప్పు, గిన్నె, కుంకుమ, తాడు, ఏది కావాలన్నా కిటికీలోంచి ఒక కేక వేస్తే ఎవరో ఒకరు తెచ్చి మెట్ల మీద పెట్టిపోయేవారు. అక్కడ పెరిగిన పిల్లకు ఏదీ లేకుండా సర్దుకోవడం తెలియదు. మూసీ దాటి గౌలిపురకు కోడలిగా వస్తే ఇక్కడ వీధి వీధంతా పాలవాళ్లే. పొద్దు పొడవకముందే చెంబుల చప్పుడు, బర్రెల అరుపు, పాల కోసం వచ్చి గోడకు ఆనుకుని నిలబడే ఇరుగుపొరుగు.

నాతో పాటు మా నాయన ఒక బర్రెను పంపాడు. దుడ్డెగా ఉన్నప్పటి నుంచి నా చేతి మీద పెరిగింది. బేగంబజార్ నుంచి వచ్చింది కాబట్టి గౌలిపుర వాళ్లు దానికి బేగం అని పేరు పెట్టేశారు. ఆ ఎండాకాలం చివరికి బేగంతో సహా ఇంట్లో కొన్ని బర్రెలు ఒట్టిపోయాయి, అంటే పాలు ఆపేశాయి. బేగం చూడితో ఉంది. ఈనేదాకా చుక్క పాలు రావు, తిండి మాత్రం రెండు కడుపులకు. లడాయి పుణ్యమా అని గడ్డి ధర ఎట్లా పెరిగిందంటే, బండి గడ్డికి ఇచ్చే డబ్బుతో అరబండి వచ్చేది, అది కూడా తడిసింది.

ఏటా మిరుగం, అంటే మృగశిర కార్తె, వానలు పడగానే ఒట్టిపోయిన బర్రెలను అనంతగిరి అడవికి తోలుకుపోవడం పెద్దత్త పని. పెద్దమామ పోయాక కూడా ఆవిడ మానలేదు. ముందు నడవడానికి కొమురయ్య అనే ముసలి కాపరి, వెనక మా ఆడబిడ్డ. ఆ ఏడు ఆడబిడ్డ అత్తవారింటికి వెళ్లిపోయింది. మామకు, మీ తాతకు పొద్దునా సాయంత్రం ఇళ్లకు పాలు పోసే పని. వెనక నడిచే మనిషి లేదు.

"వదినె, ముగ్గురు లేనిది చేవెళ్ల అవతల అడవి తొవ్వ దాటలేరు" అన్నాడు మామ. "సౌదాగర్ వచ్చి చూసిపోయిండు. ఇచ్చేద్దాం."

"సూడి బర్రెను గూడనా?" అంది పెద్దత్త.

"మరి గడ్డి యాడికెల్లి తేవాలె? నా మీసాలు కోసి ఎయ్యన్నా?"

పశువుల సౌదాగర్ కొన్న ఒట్టి బర్రె ఎక్కడికి వెళుతుందో గౌలిపురలో పసిపిల్లలకు కూడా తెలుసు. నేను దాణా కలుపుతున్నదాన్ని తలెత్తకుండానే "నేను పోత" అన్నాను.  కొమురయ్య పగలబడి నవ్వాడు.

"బిడ్డా రాజమ్మా, నీకు పక్కకున్న శాలిబండ పోవాల్నంటేనే టాంగా గావాలె గద!"

మామ నవ్వలేదు. బేగం వైపు చూసి ఒక మాట చెప్పాడు. "సరే. చేవెళ్ల దాక చూడు వదినె. తన మూట తను మోసుకొని, బర్రెల ఎంబడి నడిస్తే అవతలికి పోండ్రి. నడువలేకపోతే ఆడికెల్లే తిప్పుకొని రాండ్రి. అడవిల కుంటే మనిషిని పెట్టుకొని మీరిద్దరు ఏం జేస్తరు? సౌదాగర్‌ను అందాక ఆగుమంట."

అదీ షరతు. బేగం బతుకు నా కాళ్ల మీద పడింది.

మూట

ఆ సాయంత్రమే నా సామాను నేల మీద పరిచాను. ఇత్తడి చెంబు, దానికి మూత, పరుపు చుట్ట, నాలుగు చీరలు, అద్దం, మామిడికాయ తొక్కు జాడీ, మా నాయన దుకాణం నెయ్యి డబ్బా, టిఫిన్ గిన్నెలు. పెద్దత్త చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏంది బిడ్డా గిది? దుకాణం పెడ్తున్నవా? బోర్డు గూడ రాయించినవా?"

"అన్నీ అవసరమే పెద్దత్తా."

"మంచిది. కట్టు."

ఆవిడ ఒక్క వస్తువు కూడా తీయమనలేదు. మొత్తం కట్టించి నా వీపుకెత్తి, "ఇగ పేడ తియ్యి" అంది. మూటతోనే పేడ తీశాను, మూటతోనే కుడితి పోశాను, మూటతోనే బావి దగ్గర నీళ్లు తోడాను. వీధిలో పిల్లలు వెంటపడి చూశారు. పొద్దుగూకేసరికి నా భుజాలు నావి కాకుండా పోయాయి. అప్పుడు విప్పమంది. "ఇయ్యాల దేని మీద నీ చెయ్యి పడలే?" అని అడిగింది. అద్దం. పరుపు. టిఫిన్ గిన్నెలు. "అవి ఇంట్ల ఉంటయ్."

బయలుదేరేదాకా రోజూ అంతే. మూట ఎత్తుకుని ఇంటి చాకిరీ చేయడం, సాయంత్రం చెయ్యి పడనిది తీసేయడం. తొక్కు జాడీ పోయి, ఆకులో చుట్టిన ఎల్లిపాయ కారం వచ్చింది. ఇత్తడి చెంబు పోయి, ఎండిన సొరకాయ బుర్ర వచ్చింది. బుర్ర అసలు బరువే ఉండదు, నీళ్లు చల్లగా ఉంటాయి, జారిపడినా సొట్టపోదు. నెయ్యి డబ్బా దగ్గర మాత్రం నేను మొండికేశాను.

"నెయ్యి అమ్మేటోళ్ల బిడ్డవు, నెయ్యి లేనిది బుక్క దిగదా?" అని నవ్వింది. "సరే, రొట్టెలు చేసేటప్పుడే పిండిల పిసుకు. కడుపుల మొయ్యొచ్చు, డబ్బల ఎందుకు?"

చివరికి మిగిలినవి చెబితే నీకు నవ్వొస్తుంది. కట్టుకున్నది కాక ఒక చీర, మెత్తబడిన పాత చీర ముక్కలు, జొన్న రొట్టెలు, పేలాల పిండి, బెల్లం, గల్లుప్పు, సీసాలో ఆముదం, సూది దారం, తాడు, చిన్న కొడవలి. ఇవన్నీ లోపల పెట్టి గొంగడి చుట్టడమే. బరువైనవి వీపుకు ఆనుకుని, తేలికైనవి బయటికి. వాన వస్తే గొంగడి తల మీద కప్పుకునేలా, పై మడత ఒక్క ముడితో విప్పుకునేలా ఉండాలి. ఆ ముడిని కళ్లు మూసుకుని వేసేదాకా నన్ను వదల్లేదు.

తాడు నా భుజాలను కోయడం పక్కింటి రబియా ఖాలా చూసింది. మా గోడకూ వాళ్ల గోడకూ మధ్య ఒక కిటికీ, అందులోంచి పాలూ కూరలూ అటూ ఇటూ నడిచేవి. ఖాలా తన మంచం నవారు ఒక మూర కోసి, తాడు మీద వెడల్పుగా కుట్టి ఇచ్చింది. "మంచం ఇంక కుంటిది కాదా ఖాలా?" అంటే, "కోయీ బాత్ నై బేటీ, నేను ముడుచుకొని పంట" అంది. బయలుదేరే పొద్దున నా కుడిచేతికి పచ్చ గుడ్డలో నాణెం చుట్టి కట్టింది. ఇమామ్ జామిన్ అంటారు. ప్రయాణం పోయేవాళ్లకు వాళ్లు కడతారు, చేరినచోట ఆ నాణెం పేదవాళ్లకు ఇచ్చెయ్యాలి. మా ఇంట్లో నిమ్మకాయ తొక్కించారు, పక్కింట్లో ఇది కట్టారు. రెండూ నాకు ధైర్యంగానే అనిపించాయి.

ఇంకొకటి ఉంది. ముందురోజు మీ తాత పత్తర్‌గట్టి నుంచి ఎర్ర తోలు చెప్పులు తెచ్చాడు. అందరి ముందూ ఇవ్వడానికి సిగ్గుపడి గడ్డివాము పక్కన పెట్టిపోయాడు. పెద్దత్త వాటిని తిప్పి తిప్పి చూసింది. "మంచిగున్నయ్. ఇవి ఏసుకుంటే చేవెళ్ల గాదు, కార్వాన్ గూడ దాటవు. మూట అడుగున పెట్టు. ఆముదం రాసి పెట్టు." నేను పాత చెప్పులే వేసుకున్నాను.

పురానాపూల్

తెల్లవారుతుండగా హుస్సేనీఆలం మీదుగా బర్రెలను తోలుకుని పురానాపూల్ దర్వాజా దాటాం. మూసీ వంతెన మీద నిలబడి చూస్తే ఆవలి ఒడ్డున మా బేగంబజార్ వైపు దీపాలు ఇంకా ఆర్పలేదు. ధూల్‌పేట్ వైపు వినాయకుళ్ల కోసం మట్టి తొక్కుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి, "ఏమ్మా, బర్రెలకు పెండ్లా? మూటలల్ల సారె ఉన్నదా?" అని అరిచారు. "మీ వినాయకునికి సంబంధం చూడబోతున్నం, ఇంక ఎన్నేండ్లు ఒంటరిగ కూసోబెడ్తరు?" అని పెద్దత్త నడక ఆపకుండానే జవాబిచ్చింది.

కార్వాన్ దాటేదాకా నేను హుషారుగా ముందుకు ముందుకు పోయాను. పెద్దత్త పిలిచి నన్ను బేగం పక్కన నిలబెట్టింది. "దీని కాలు జూడు. అది ఎత్తినప్పుడు నువ్వెత్తు, అది ఏసినప్పుడు నువ్వెయ్యి." మొదట ఇది నడకేనా అనిపించింది, అంత నెమ్మది. లంగర్‌హౌజ్ చేరేసరికి అర్థమైంది. బర్రె నడకలో ఊపిరి ఆయాసపడదు. వీపు మీద బరువు ఊగదు. రోడ్డు పక్కన ఏ చెట్టు ఉందో, ఎవరి చేలో ఏం వేశారో చూడటానికి కళ్లు ఖాళీగా ఉంటాయి. ఇంతకాలం నేను నడిచిందంతా పరుగేనన్నమాట.

గండిపేట

పట్నమంతా తాగే గండిపేట నీళ్లను నేను నల్లా మొనలోంచి తప్ప చూడలేదు. కట్టెక్కి చూస్తే ఆకాశం కిందికి దిగి పడుకున్నట్టుంది.  నేను అట్లా చూస్తుండగానే బేగం సరాసరి నీళ్లలోకి దిగింది. దాని వెనక మిగతావి. కట్ట మీద కావలి జవాను కర్ర ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏ అమ్మా! నికాలో భైంసోఁకో! పూరా షహర్ పీతా యే పానీ!"

ఊరంతా తాగే నీళ్లని అతని బాధ. కొమురయ్య చేతులు జోడించి, చాలా వినయంగా, "మాలూం హై సాబ్. హమారే దూధ్ మేఁ భీ యహీచ్ పానీ" అన్నాడు. మా పాలలో కలిసేది కూడా ఇవే నీళ్లు అని. జవాను నవ్వు ఆపుకోలేకపోయాడు. కర్ర పక్కన పడేసి తనూ బురదలోకి దిగి మాతో పాటు బర్రెలను తోలాడు.

ఆ తోలుడులో బేగం నా ఎడమ చెప్పు మీద కాలేసింది. దాని బరువుకు పట్టీ ఊడి, అట్ట రెండు ముక్కలైంది. సూదితో కుట్టినా నిలవలేదు. మూట అడుగు నుంచి మీ తాత తెచ్చిన ఎర్ర చెప్పులు బయటికి వచ్చాయి. పెద్దత్త ఇంకోసారి ఆముదం రాయించింది.

మొయినాబాద్ దాటాక

తరవాతి రెండు రోజులు వాన మమ్మల్ని ఆడించింది. ఒక్క ముడి లాగితే గొంగడి తల మీదికి వచ్చేది. చినుకులు దాని మీద జారిపోతుంటే లోపల నేను పొడిగా, గొర్రెల వాసన పీలుస్తూ నడిచాను. రాత్రుళ్లు ఊళ్లలో ఎవరో ఒకరి అరుగు దొరికేది. పట్నంలో గుమ్మం ముందు ముక్కూమొహం తెలియనివాళ్లు కూర్చుంటే ఎవరు మీరంటారు. ఇక్కడ ముందు నీళ్లిచ్చి, తాగాక అడిగేవారు.

ఒక ఊరి బావి దగ్గర ఆడవాళ్లు మా చుట్టూ చేరారు. మేము రొట్టె తింటుంటే పచ్చిపులుసు తెచ్చి పోశారు. నానిన చింతపండు, కాల్చిన మిరపకాయ, పచ్చి ఉల్లిగడ్డ. ఆ రుచి మళ్లీ నాకు దొరకలేదు. వాళ్లలో ఒకామె చిన్నగా, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"పట్నంల చల్ల గూడ అమ్ముతరట గద. నిజమేనా అక్కా?"

ఆ ఊళ్లో నెయ్యి అమ్ముతారు, పాలు అప్పుడప్పుడు అమ్ముతారు, మజ్జిగ మాత్రం అమ్మరు. ఎవరు గిన్నె పట్టుకుని వచ్చినా పోయడమే. అమ్ముతామని ఒప్పుకోవడానికి నాకు ఎందుకో మొహమాటమేసింది. పెద్దత్తకు అట్లాంటివి లేవు.

"అమ్ముతం. అమ్మకుంటే పట్నపోళ్లు హుసేన్‌సాగర్ తాగుతరా? నువ్వు ఊకెనే పోస్తనంటే చెప్పు, గౌలిపుర మొత్తం గిన్నెలు పట్టుకొని రేపే వస్తది."

వాళ్లు నవ్విన నవ్వుకు బర్రెలు తలలు తిప్పాయి. వెళ్లేటప్పుడు ఆ అడిగినామె మా సొరకాయ బుర్రల నిండా చల్ల పోసింది.

నేను నవ్వాను కానీ, అప్పటికే నా మడమలు మండుతున్నాయి. తడిసిన కొత్త తోలు గట్టిపడి, అడుగడుక్కీ ఉలిలా గీసేది. పాత చీర ముక్కలు చుట్టుకున్నాను. పెద్దత్త చెప్పినట్టు, దారం ఎక్కించిన సూదితో పొక్కు గుచ్చి, నీరు కారేలా దారం అందులోనే వదిలాను. చెప్పులు విడిచి నడిచి చూశాను. పల్లేరుకాయలు. మళ్లీ తొడుక్కున్నాను. బేగం కాలు ఎత్తినప్పుడు ఎత్తుతూ, వేసినప్పుడు వేస్తూ, చేవెళ్ల చేరాను.

చేవెళ్ల

ఒక కుమ్మరామె ఇంటి అరుగు మీద పడుకున్నాం. పొద్దున లేచి పాదం నేలకు ఆనించగానే కళ్లు తిరిగి గోడకు ఆనుకున్నాను. చుట్టిన గుడ్డలు కాలికి అంటుకుపోయాయి. మూట పక్కనే ఉంది. దాన్ని ఎత్తుకోవడం మాట అటుంచి, నిలబడటమే రాలేదు.

"ఏమాయె బిడ్డా, లేస్తలేవు?" అంటూ వచ్చిన కొమురయ్య నా కాళ్లు చూసి నోరు తెరిచాడు. చెడ్డవాడు కాదు. ఉన్నమాట చెప్పేవాడు. "అక్కా! ఈ పిల్ల కాళ్లు ఖతం. ఇగ తిప్పుదాం పా."

"నడుస్త తాతా" అన్నాను.

"ఎట్ల నడుస్తవ్? చేతులతోనా? అవతల అడవి బిడ్డా. నువ్వు ఆడ పడితే నిన్ను మొయ్యాల్నా, బర్రెలను చూడాల్నా?"

అతనన్నది న్యాయమే. అందుకే ఏడుపొచ్చింది. ఎదురుగా బేగం కుమ్మరామె పెట్టిన చెత్త గడ్డిని తీరిగ్గా నములుతోంది. దాని పొట్ట పక్కకు ఉబ్బి ఉంది. తిరిగి గౌలిపురకు నడిచే ఆ తొవ్వలో దాని పక్కన నేను ఎట్లా నడవగలను అనుకున్నాను.

పెద్దత్త అప్పుడే నీళ్ల కుండతో వస్తోంది. నా కాళ్ల వైపు చూడలేదు. నా మొహం వైపు కూడా చూడలేదు. కుండ దించి, నడుం వంచి, ఉన్నట్టుండి మోకాలు పట్టుకుంది.

"అమ్మో... కొమురయ్యా, ఆగు. మోకాలు పట్టుకున్నది."

"నీకా? నీకు ఎన్నడన్న మోకాలు నొచ్చిందా?"

"ముసల్దాన్ని గానా? నన్నేమన్న ఇనుముతోని చేసిన్రా? ఇయ్యాల నేను అడుగు తియ్య."

"మరి రాజమ్మ కాళ్లు?"

"నేను లేవలేక సస్తుంటే దాని కాళ్ల లొల్లి ఏంది నీకు? పోయి బర్రెలను కుంటల దింపు, పో!"

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజూ, ఆ మరునాడూ మేము ఆ అరుగు మీదే ఉన్నాం. కుమ్మరామె ఆవం వేడికి ఉప్పు మూట కాచి ఇస్తే నేను పెద్దత్త మోకాలికి కాపడం పెట్టాను. పెద్దత్త మూలిగిన మూలుగుకు వీధిలో పోయేవాళ్లు ఆగి పలకరించారు. ఒక ముసలాయన ఏదో ఆకు తెచ్చి కట్టాడు. మధ్యమధ్యలో "ఆ ఉప్పు వేడి ఆరిపోతది, నీ మడమలకు గూడ పెట్టుకో, ఊకె ఎందుకు పారేసుడు" అనేది. అంతే తప్ప నా కాళ్ల ఊసెత్తలేదు. నా ఎర్ర చెప్పులు మాత్రం ఒకసారి కనబడలేదు. తరవాత చూస్తే మడమ దగ్గర తోలును కొడవలితో కోసి, ఆ చోట చీర ముక్క మెత్తగా కుట్టి ఉంది.

మూడో పొద్దున ఆవిడ లేచి, మోకాలు ఒకసారి ఆడించి, "పోదామా?" అంది. నేను అప్పటికే మూట ఎత్తుకుని నిలబడ్డాను.

మన్నెగూడ తొవ్వ

అక్కడి నుంచి అడవి మొదలు. చిరుతలుంటాయని కొమురయ్య దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు. మాకేమో ఒక కుందేలు కూడా ఎదురుపడలేదు. ఎదురుపడింది బురదగుంట. బేగం అందులోకి దిగి హాయిగా కూర్చుంది. కొమురయ్య తిట్టాడు, తోక మెలేశాడు, బేగం సాహెబా అని బతిమాలాడు. కదల్లేదు. పొద్దు వాలుతోంది, పైన మబ్బు పట్టింది.

నేను మూటలోంచి పిడికెడు గల్లుప్పు తీసుకుని ఒడ్డున కూర్చున్నాను. అది దుడ్డెగా ఉన్నప్పుడు మా మెట్ల కింద నుంచి పిలిచినట్టు నాలుకతో టకటకమని పిలిచాను. చెవులు కదిలించింది. కాసేపు ఆలోచించింది. తరవాత ఆ కొండంత శరీరాన్ని ఎత్తుకుని వచ్చి నా అరచెయ్యి నాకడం మొదలుపెట్టింది. నా చీర నిండా బురద.

"మూడో మనిషి ఎందుకంటే గిందుకే" అంది పెద్దత్త, కొమురయ్యకు వినబడేలా. ఆ రోజు నుంచి అతను నన్ను ఆటపట్టించడం తగ్గించాడు. పూర్తిగా మానలేదులే.

అనంతగిరి

వికారాబాద్ దాటి కొండ ఎక్కుతుంటే గడ్డి మోకాళ్లదాకా. అంత పచ్చదనం నేను కూరగాయల మార్కెట్లో కూడా చూడలేదు. బర్రెలకు పిచ్చెక్కింది. చెట్ల కింద, రాళ్ల మధ్య నుంచి వేలంత ధార ఒకటి పారుతోంది. "ఇదే మూసీ" అంది పెద్దత్త. నేను నమ్మలేదు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య అంత వెడల్పున ఉండే నది ఇక్కడ ఒక చెంబుకు కూడా చాలదు. పెద్దత్త వంగి దాని వైపు వేలు చూపించింది. "సూడు దీని మొకం! తుగ్యానీల, ఆ పెద్ద వరదల, మా తల్లిగారి ఇల్లు కూలగొట్టింది ఇదేనంటే ఎవలన్న నమ్ముతరా?" అని, అదే నీళ్లు దోసిట పట్టి తాగింది.

కొండ కింద తండాలో సోనీబాయి అనే లంబాడీ ఆమె ఏటా మన బర్రెలను మేపేది. దసరా దాకా మేపి, ఈనినవాటిని దూడలతో తోలుకొస్తుంది. అందుకు ఒక దూడ ఆమెది. కాగితం లేదు, సాక్షి లేదు. ఇద్దరు ముసలమ్మలు ఒకరి చేతిలో ఒకరు గడ్డిపోచ పెట్టుకున్నారు, అంతే. నా చేతి ఇమామ్ జామిన్ విప్పి, నాణెం కొండ మీది గుడి దారిలో కూర్చున్న ఒక గుడ్డి తాతకు ఇచ్చాను. బేగం నేను వెళుతుంటే తలెత్తి చూడను కూడా లేదు. నోటి నిండా గడ్డి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, అదే సమయంలో మహా సంతోషంగా ఉంది.

దసరా తరవాత అది తన బిడ్డతో సహా నడుచుకుంటూ గౌలిపుర వచ్చింది.

ఇక ఆ మోకాలి సంగతి. ఆ కొండను పెద్దత్త ఎక్కడం నేను వెనక నుంచి చూశాను. మేకలా ఎక్కింది. ఎక్కడా ఆగలేదు, చెయ్యి ఆనించలేదు, నాకంటే ముందు చేరింది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. కానీ దిగేటప్పుడు, వికారాబాద్ స్టేషన్‌కు వచ్చే దారిలో, నా భుజం పట్టుకుని ఒక్కో అడుగూ ఆచితూచి వేసింది.

"నొస్తున్నదా పెద్దత్తా?"

"దిగేటప్పుడు ఎవలకైన నొస్తది."

"మరి చేవెళ్లల?"

"టికెట్ పైలంగ పట్టుకో. గాలికి పోతది."

రైల్లో కిటికీ పక్కన కూర్చుని, మేము రోజులకు రోజులు నడిచిన పొలాలు అటూ ఇటూ పరుగెత్తిపోతుంటే చూస్తూ, మళ్లీ అడిగాను. కళ్లు మూసుకుంది. ఇంటికి వచ్చాక మామ అడిగాడు, "పిల్ల ఎట్ల నడిచింది వదినె?" అని. "అది మంచిగనే నడిచింది. నేనే ఓనాడు కూలబడ్డ" అంది పెద్దత్త, నా వైపు చూడకుండా. కొమురయ్య ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి, బీడీ వెతుక్కున్నాడు.

ఆ తరవాత చాలా మిరుగాలు ఆవిడ వెనక నడిచాను. ఆవిడ నడవలేని ఏళ్లు వచ్చాక నేనే ముందు నడిచాను. అడిగిన ప్రతిసారీ ఒకసారి నవ్వేది, ఒకసారి తిట్టేది, ఒకసారి బర్రె ఎటో పోతోందని చూపించేది. చివరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు కాళ్లు పిసుకుతూ, ఇంక ఇప్పుడైనా చెబుతుందని, మెల్లగా అడిగాను. "ఇంక జెర కిందికి పిసుకు" అంది.

ఇప్పటికీ మిరుగం చినుకులు పడ్డ పొద్దున, వీధిలో ఒక్క బర్రె కూడా లేకపోయినా, నేను ఆవిడను అదే అడుగుతుంటాను. పెద్దత్తా, ఆనాడు చేవెళ్లల నీ మోకాలు నిజంగనే నొచ్చిందా?